అచ్చిబాబు మెడకి నా కాలు

నేను ఫోనుకి కాలు చూపిస్తుండగా అచ్చిబాబు గదిలోకి వచ్చాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

ఫోనుకి కాలెందుకు చూపిస్తారని మీరు అడుగుతారు. చెబుతాను. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అంటే లోకంలోకి అందరూ ముందు తల పెట్టి వస్తే నేను కాళ్ళు పెట్టి వచ్చాను. అలా పుట్టినవాళ్ళ కాలు తగిలితే నడుం పట్టు వదిలిపోతుందని మా గోదావరి వైపు గట్టి నమ్మకం. అందుకని మా ఊళ్ళో నేను తన్నని పెద్దమనిషి లేడు. బస్తా ఎత్తి నడుం పట్టేసిన ప్రతివాడూ మా అరుగు ముందుకొచ్చి వీపు తిప్పి నిలబడేవాడు. ఒకసారి సర్పంచిగారిని కూడా తన్నాను. ఆయన వెనక్కి తిరిగి నాకు దండం పెట్టాడు. ఓట్లప్పుడు కూడా ఆయన ఎవరికీ అంత వంగి దండం పెట్టలేదు.

మా ఆయనొక్కరే నడుం పట్టేసినా నాకు చెప్పేవారు కాదు. గోడ పట్టుకుని నడుస్తూ, "ఏం లేదు నరసాయమ్మా, గోడ గట్టిగా ఉందో లేదో చూస్తున్నాను" అనేవారు. ఆయన పోయి చాలా కాలమైంది. గోడ మాత్రం గట్టిగానే ఉంది.

బహ్రెయిన్ వచ్చాక ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. పగలంతా రెండిళ్ళలో వంట చేసి, సాయంత్రం మళ్ళీ నడుములు తన్నే ఓపిక ఎక్కడిది? కానీ ఆ రోజు మా చెల్లెలు వీడియోలో ఒకటే ఏడుపు. మరిదికి నడుం పట్టేసిందట. "అక్కా, నేను ఫోను ఆయన నడుం దగ్గర పెడతాను. నువ్వక్కణ్ణించే కాలు చూపించు" అంది. చూపించాను. అటునించి మరిది మూలుగుతూ, "కాస్త ఎడమకి, వదినగారూ" అంటున్నాడు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు అచ్చిబాబు. వచ్చినవాడు అలాగే నిలబడిపోయాడు.

జిదాఫ్స్‌లో మేముండేది రెండు గదుల ఇల్లు. ఒక గది నాది, రెండోది అచ్చిబాబుది, అతని భార్య జమునది. ఇద్దరూ మా వైపు వాళ్ళే. జమున నన్ను పిన్నీ అంటుంది, అతను అత్తా అంటాడు. అచ్చిబాబు హిద్ షిప్‌యార్డులో వెల్డరు. ఏళ్ళ తరబడి మెడ వంచి ఇనుము అతికించినందుకు, చివరికి డాక్టర్లు అతని మెడలోనే ఇనుము పెట్టారు. నరం నలిగిపోతోందని ఆపరేషన్ చేసి, చిన్న రేకు పెట్టి స్క్రూలు బిగించారు.

ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. ఎక్స్‌రే చూసి డాక్టరు మురిసిపోయాడు. నొప్పి మాత్రం ఎక్స్‌రే చూడలేదు. మెడలో బయల్దేరి, భుజంలో కాసేపు కూర్చుని, మోచేతి మీదుగా బొటనవేలి దాకా రోజూ వచ్చి పోతూనే ఉంది.

"నరం చాలాకాలం నలిగింది. కొంత నొప్పి ఉండిపోవచ్చు. దానితో బతకడం నేర్చుకోవాలి" అన్నాడు డాక్టరు.

"నేర్చుకోడానికి ఇదేమైనా డ్రైవింగా అండీ?" అన్నాడు అచ్చిబాబు.

అతను మెడ తిప్పలేడు. ఎవరైనా పక్కనించి పిలిస్తే, ఫ్రిజ్‌ని గదిలో తిప్పినట్టు మొత్తం మనిషి తిరుగుతాడు. కంపెనీవాళ్ళు అతన్ని వెల్డింగు నించి తీసి టూల్ రూంలో కూర్చోబెట్టారు. బయట అందరూ నిప్పురవ్వలు చిమ్ముతుంటే, ఈయన కిటికీలోంచి స్పానర్లు అందిస్తాడు. అదీ అతని అసలు బాధ. మళ్ళీ వెల్డింగు టార్చి పట్టుకోవాలి, ఎలాగైనా సరే.

వ్యాయామం నేర్పే ఆవిడ ఆస్పత్రిలో అన్నీ చేసి చూపించింది. జమున పక్కనే నిలబడి కంఠస్థం చేసింది. అచ్చిబాబు పక్కనే నిలబడి మర్చిపోయాడు. అప్పట్నించీ ఇంట్లో ఒకటే వాదులాట.

"ఏవండీ, మెడ!"

"మెడకేమైంది?"

"ఫోను ఒళ్ళో పెట్టుకుని చూడొద్దన్నారా, లేదా?"

"పైకెత్తితే చెయ్యి లాగుతుంది."

"అయితే చూడకండి."

"మరేం చూడమంటావ్?"

"నన్ను చూడండి."

"నిన్ను చూడాలంటే మొత్తం తిరగాలి జమునా."

అలాంటి మనిషి నా కాలు చూశాడు. అతని కళ్ళు లైట్లలా వెలిగాయి.

"అత్తా! ఇంతకాలం ఈ కాలు ఇంట్లోనే పెట్టుకుని నాకు చెప్పలేదేంటి?"

"నా కాలు ఇంట్లో కాక ఇంకెక్కడ పెట్టుకోనూ?"

"ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా మెడ మీద తన్నండి. జమునకి తెలియకుండా. ఆయ్, మీకు దణ్ణం పెడతాను." దణ్ణం పెట్టబోయి, చెయ్యి లాగి, సగంలో ఆపేశాడు.

"నీకేమైనా పిచ్చా అబ్బాయ్? నా కాలు నడుములకి. స్క్రూలు బిగించిన మెడ మీద ఎవరైనా కాలు పెడతారా?" అన్నాను.

"మీరు కాదంటే సిత్రాకి పోతాను. అక్కడ క్యాంపులో ముత్యం ఉన్నాడు. వాడూ ఎదురుకాళ్ళవాడేనట."

ఈ దేశం ముత్యాలకి పేరట. చిన్నగా, నున్నగా ఉంటాయట. సిత్రా ముత్యాన్ని నేనొకసారి చూశాను. ఆరడుగుల మనిషి, స్కఫోల్డింగు పైపులు చంకలో చీపుర్లలా పెట్టుకు నడుస్తాడు. వాడు మెడ మీద కాలు పెడితే స్క్రూలు గొంతులోంచి బయటికొస్తాయి.

"సరే, సరే. ఆలోచిస్తాను. అప్పటిదాకా సిత్రా వైపు పోకు" అన్నాను. అతను వెళ్ళగానే వంటింట్లోకి పోయి జమునకి మొత్తం చెప్పేశాను.

జమున అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గరిట కూరలో అలాగే వదిలేసింది.

"ఆ మెడకి దెబ్బ తగిలితే చెయ్యే పడిపోవచ్చన్నాడు పిన్నీ, డాక్టరు. చెయ్యి పడిపోతే అన్నం నేను కలిపి పెడతాను, అదో పెద్ద పనా? కానీ ఈ మనిషి నా చేత పెట్టించుకోడు. తినడమే మానేస్తాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత గరిట తీసుకుంది. అది పట్టుకున్న తీరు చూస్తే ఏదో తట్టిందని నాకర్థమైంది. "పిన్నీ, మీరు తంతానని చెప్పండి. కానీ మీ కాలికి పత్యం ఉందని చెప్పండి."

"నా కాలికి పత్యమేంటే?"

"నేను చెబుతానుగా."

మర్నాడు అచ్చిబాబుని కూర్చోబెట్టి, గొంతు కాస్త బొంగురు చేసుకుని చెప్పాను. నా కాలు ఊరికే పనిచెయ్యదు, మెడ ముందు సిద్ధం కావాలి. పొద్దున్నే మేడ మీదికెళ్ళి సూర్యుడికెదురుగా నిలబడాలి. గడ్డం వెనక్కి లాక్కుని, నెమ్మదిగా ఎడమకి తిరిగి నీళ్ళ ట్యాంకుని చూడాలి, నెమ్మదిగా కుడికి తిరిగి మసీదు మినార్‌ని చూడాలి. ఎంతవరకు తిరిగితే అంతే, బలవంతం పనికిరాదు. భుజాలు గుండ్రంగా తిప్పాలి. సాయంత్రం భుజం మీద వేడి ఉప్పుమూట. ఫోను కళ్ళకెదురుగా, దిండు పల్చగా. బియ్యం బస్తా ముట్టుకోకూడదు. నొప్పి పెరిగాక కాదు, పెరగకముందే పని ఆపి కూర్చోవాలి.

"ఇవన్నీ ఎక్కడో విన్నట్టుంది అత్తా" అన్నాడు.

"పాతకాలం వైద్యం బాబూ. అందరూ మా దగ్గరే నేర్చుకున్నారు. ఇంకో మాట. ఇదంతా నీ భార్య కంట పడకూడదు. పడిందో, కాలు చచ్చుబడుతుంది."

"ఎవరి కాలు?"

"నా కాలే. నాకు మాత్రం భయం ఉండదా?"

ఆ రోజు నించీ అచ్చిబాబు దొంగచాటుగా బాగుపడటం మొదలుపెట్టాడు. భార్య నెలల తరబడి బతిమాలినా చెయ్యని పనులన్నీ, భార్యకి తెలియకుండా చేస్తున్నానని తెగ సంబరపడిపోతూ చేశాడు. పొద్దున్నే పిల్లిలా మేడ ఎక్కేవాడు. జమున మెట్ల కిటికీలోంచి చూస్తూ, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఒక్కోరోజు కావాలనే పైకెళ్ళేది.

"ఏం చేస్తున్నారండీ ఇక్కడ?"

"పావురాలని చూస్తున్నాను."

"పావురాలు ఎక్కడా?"

"ఎడమవైపు వెళ్ళాయి. ఆ తర్వాత కుడివైపు వెళ్ళాయి."

"నెమ్మదిగా వెళ్ళాయా?"

"చాలా నెమ్మదిగా వెళ్ళాయి."

నొప్పి పోయిందా అంటే, లేదు. చలి వేసిన రోజు చెయ్యి మండేది. కంపెనీ బస్సు గోతిలో పడితే సాయంత్రం దాకా మొహం ముడుచుకుపోయేది. కానీ మంచి రోజులు కూడా రావడం మొదలైంది. మినార్ సగం కనబడేది, ఇప్పుడు మొత్తం కనబడుతోంది అన్నాడోసారి నాతో రహస్యంగా. నేను జమునకి చెప్పాను, రహస్యంగానే.

తన్నే రోజు దగ్గరపడింది. శుక్రవారం, జమునకి తను పనిచేసే కుట్టు షాపులో ఓవర్‌టైం అని అతనికి చెప్పించాం. కానీ అచ్చిబాబు నోరు ఊరుకుంటుందా? కంపెనీ బస్సు నడిపే సాబిర్‌కి చెప్పాడు. "ఎవరికీ చెప్పకు భాయ్" అని మరీ చెప్పాడు. సాబిర్ కూడా అందరికీ అలాగే చెప్పాడు.

శుక్రవారం తలుపు తీస్తే గుమ్మం ముందు చెప్పుల గుట్ట. మెట్ల నిండా నడుములు. ముందు సాబిర్, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

"అమ్మా, నువ్వు మంచిగ తంతవని విన్న. జర నన్ను తన్ను."

"తన్నించుకోడానికి ఇంత పొద్దున్నే వచ్చావా నాయనా?"

"స్టీరింగు ముందల కూసుని కూసుని కమర్ గట్టిగ పట్టేసింది అమ్మా."

కాలు అలా ఆనించానో లేదో, "ఖలాస్! పోయింది!" అని కేక పెట్టాడు. నొప్పి పోయిందో లేదో గాని, ఆ కేకకి మెట్ల మీదున్నవాళ్ళంతా లోపలికి వచ్చేశారు. వాచ్‌మన్ చెప్పుల గుట్ట గురించి తగువుకొచ్చి, సంగతి తెలిసి, తన చెప్పులు కూడా విప్పి వరసలో నిలబడ్డాడు. కర్టెను పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి తన్నుతూనే ఉన్నాను. కర్టెను ఊడి వచ్చింది. దాంతోపాటు గుమ్మంలో వెలుగు ఆగిపోయింది.

ముత్యం వచ్చాడు. సిత్రా నించి, వంకరగా నడుస్తూ.

"అత్తా, నాకే పట్టేసింది. అందరినీ నేనే తంతాను గాని, నా కాలు నా నడుముకి అందట్లేదు."

అచ్చిబాబు పీట మీంచి ఆనందంతో లేచాడు. "దేవుడే పంపాడు! అత్తా, ఇద్దరూ కలిసి తన్నండి! ఒక్కసారే రెండు కాళ్ళు! రేపే టార్చి పట్టుకుంటాను!"

"దానికేముందండీ" అని ముత్యం తన నడుం సంగతి మర్చిపోయి, పాదాన్ని లుంగీ అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆ పాదం తుడవడానికి లుంగీ చాలలేదు.

"పీట మీద కూర్చో అబ్బాయ్. గోడ వైపు తిరుగు. కళ్ళు మూసుకో" అన్నాను, ఇంకేం తోచక. అతను కూర్చున్నాడు. మెడ తిప్పి వెనక్కి చూడలేడు, అదొక్కటే నా ధైర్యం. ముత్యం కాలెత్తాడు.

వంటింటి తలుపు తెరుచుకుంది. జమున! ఓవర్‌టైంకి వెళ్ళలేదు, తెల్లవారుజామునించీ బియ్యం డబ్బా మీద కూర్చునే ఉంది. ఒక చేత్తో పెదాల మీద వేలు, రెండో చేత్తో అప్పడాల కర్ర. కర్ర కొన ముత్యం మోకాలికి ఆనించింది. అంతటి మనిషీ ఎత్తిన కాలు దింపి, గోడకి అతుక్కుపోయాడు. గదిలో నడుములన్నీ ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డాయి.

జమున చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, కుడికాలు లేపి, మెడకి దూరంగా భుజం చివర, నిద్రపోతున్న పిల్లిని తాకినట్టు ఆనించింది.

"అబ్బా!" అన్నాడు అచ్చిబాబు. "వేళ్ళదాకా చల్లగా పాకింది అత్తా! ఇదీ కాలంటే!"

అచ్చిబాబు కళ్ళు మూసుకునే కాసేపు ఆనందించాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు:

"అత్తా, మీ కాలికి మెట్టెలెప్పుడొచ్చాయి?"

సాబిర్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అచ్చిబాబు పీటతో సహా, ఫ్రిజ్‌లా, మొత్తం తిరిగాడు.

"నువ్వా!"

"నేనే. నన్ను చూడాలంటే మొత్తం తిరగాలన్నారుగా. తిరిగారు."

"నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టావా?"

"లేదు. నేను తలతోనే పుట్టాను. ఇంట్లో ఒకరికైనా అది ఉండాలిగా."

"మరి మేడ మీద పత్యం? ఉప్పుమూట?"

"అన్నీ ఆస్పత్రిలో ఆవిడ నేర్పినవే. నేను చెబితే పోరు, పిన్ని చెబితే వైద్యం."

అచ్చిబాబు నా వైపు చూశాడు. నేను కర్టెను మడతపెట్టడం మొదలుపెట్టాను. నడుములన్నీ చప్పుడు లేకుండా మెట్లు దిగిపోయాయి. ముత్యం మాత్రం పోతూ పోతూ, తన పని కూడా చూడమని వీపు తిప్పాడు. తన్ని పంపించాను.

ఇల్లు ఖాళీ అయ్యాక అచ్చిబాబు పీట మీదే కూర్చుని భుజం తడుముకున్నాడు. తర్వాత చిన్నగా అన్నాడు.

"అయితే ఇది పూర్తిగా పోదన్నమాట, జమునా."

"పోదేమోనండీ."

"టార్చి?"

"ఏమో. ఈ మధ్య మినార్ మొత్తం కనబడుతోందటగా. మేడ దిగి నాలాంటిదాన్ని కూడా చూస్తారేమోనని నా ఆశ." అని ఉప్పుమూట వేడి చెయ్యడానికి వంటింట్లోకి వెళ్ళింది.

అతను నా పక్కకి పీట జరుపుకున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

"అత్తా, వచ్చే శుక్రవారం ఆ కాలు మళ్ళీ దొరుకుతుందేమో కనుక్కుంటారా?"

"ఏ కాలు బాబూ? ముత్యం కాలా?"

మొత్తం మనిషి నెమ్మదిగా తిరిగి, వంటింటి వైపు గడ్డంతో చూపించాడు.