సస్పెండైన కంప్యూటర్

ఉదయగిరిలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో 1997 జూన్ రెండో తేదీన కంప్యూటర్‌ను సస్పెండ్ చేయడమైనది. కార్యాలయం పేరు చెప్పను. నేనక్కడే గుమాస్తాను.

అటెండరు మునెయ్య మౌసు తుడుస్తుండగా ఏదో నొక్కుకుంది. ‘సస్పెండ్’ అన్న ఇంగ్లీషు మాట ఒకసారి కనిపించి, తెర నల్లబడింది. పని లేనప్పుడు లోపలి ప్రాసెసరు కరెంటు ఆదా చేస్తూ కునుకు తీసే ఏర్పాటు అది. ఏదైనా మీట నొక్కితే లేస్తుంది. ఈ సంగతి చెప్పే పుస్తకం మా బీరువాలో సీలు కూడా విప్పకుండా భద్రంగా ఉంది. మాకు మాత్రం సస్పెండ్ అంటే ఒకటే అర్థం తెలుసు.

అటెండరుకు సస్పెండ్ చేసే అధికారం లేదు కనుక, మా ఆఫీసరు సురేంద్రబాబు గారు దూరదృష్టితో ఆ చర్య తామే తీసుకున్నట్టు ఉత్తర్వు ఇచ్చారు. సస్పెన్షన్‌లో ఉన్నవారు హెడ్‌క్వార్టర్స్ విడిచి పోరాదు కాబట్టి కంప్యూటర్‌ను బల్లకోడుకు గొలుసుతో కట్టాం. దాని పచ్చదీపం మినుకుమంటుంటే, జీవనభృతి కింద కాస్త కరెంటు అందుతోందని తృప్తిపడ్డాం.

చెక్క గరిటెలు చెక్కే హన్నమ్మ ఆ రోజే వచ్చింది. మనవరాలు ఏంజెలిన్‌కు నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది, శనివారంలోగా ఆదాయ సర్టిఫికెట్ ఇవ్వాలి. అది కంప్యూటర్‌లో తయారై ఉంది. చేత్తో రాసినవి చెల్లవని కొత్త నిబంధన.

“అదేమన్నా లంచం తినిందా నాయనా, సస్పెండ్ చేసినారు?” అని అడిగింది.

“విచారణలో తేలతాది. మళ్లీ రా” అన్నారు ఆఫీసరు గారు.

శుక్రవారం ఆమె గరిటెల మూట బల్ల మీద దించింది. ఒక గరిటె కాడ మీటకు తగిలి తెర వెలిగింది. ఏంజెలిన్ సర్టిఫికెట్ అందరి కళ్లముందూ ఉంది. అచ్చు తీయడమే తరువాయి.

“ఉత్తర్వు లేకుండా డ్యూటీలో చేరడం క్రమశిక్షణా రాహిత్యం. సస్పెన్షన్‌లో ఉండేది ఇచ్చిన కాగితం చెల్లదు” అని ఆఫీసరు గారు దాన్ని మళ్లీ సస్పెండ్ చేశారు. ఈసారి స్వహస్తాలతో, సక్రమంగా. నాకు సిగ్గేసింది. అందుకూ ఉత్తర్వు ఉండాలేమోనని ఊరుకున్నాను.

ఆగస్టులో నెల్లూరు నుంచి విచారణాధికారి వచ్చి కంప్యూటర్ నిర్దోషి అని తేల్చారు. దానికి దండ వేశాం. సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీగా పరిగణించడమైనదని ఆఫీసరు గారు గంభీరంగా చదివి వినిపించారు.

తలుపు దగ్గర హన్నమ్మ నిలబడి ఉంది.

“సీటు వేరేవాళ్లకు ఇచ్చేసినారు. నా మనవరాలికి దండగైన యేడాది గూడా డ్యూటీ కింద రాస్తారా నాయనా?” అంది.

ఎవరమూ కదల్లేదు. కంప్యూటరైతే గరిటె కాడ తగిలినా లేచింది. మాకు అలాంటి ఏర్పాటు ఏదీ లేదు.