కారు కింద ఎర్రమడుగు

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. అరవై దాటాక మనవరాలి పక్కన కూర్చుని దిద్దుకున్నవి. ఎక్కడైనా ఒత్తు జారినా, దీర్ఘం మరిచినా పెద్దమనసుతో సర్దుకోండి. రాయడం కూడా నెమ్మదే. అందుకని కథ మాత్రం ఆగకుండా చెబుతాను.

ఆ బుధవారం పొద్దున కాఫీ తాగుతూ రఘు ఇంట్లో అనుకున్నది చాలా చిన్న సంగతి. ఆదివారం అమ్మని కొత్త కారులో లండన్ పక్కనున్న ఇల్ఫర్డ్ తీసుకెళ్ళాలి. రఘు తల్లి సత్యమ్మ కాకినాడ నుంచి కోవెంట్రీ వచ్చి నెల దాటింది. ఆవిడ చెల్లెలు అలివేలుమంగ ఇల్ఫర్డ్‌లో కూతురి దగ్గరికి వచ్చి ఉంది. ఆదివారం సాయంత్రం విమానమెక్కి, మెల్‌బోర్న్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోతోంది. అక్కచెల్లెళ్ళు ఫోనులో తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎనిమిదేళ్ళయింది. ఈసారి తప్పితే మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు.

"మన బండి ఉండగా నీకేం భయం లేదమ్మా. మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం" అన్నాడు రఘు.

"అది గుమ్మం దాటేలోగా దాన్ని చూస్తే చాలు నాన్నా, భోజనం ఎవడిక్కావాలి" అంది సత్యమ్మ.

రఘు కోవెంట్రీలో ఒక కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఇంజన్ వేడెక్కితే డ్రైవరు ముందు ఏ రంగు దీపం వెలగాలో, దాని పక్కన ఏ మాటలు కనబడాలో తేల్చేది అతని టీమే. అయితే ఇంతవరకూ ఏ కారు బానెట్టూ ఎత్తి చూసిన పాపాన పోలేదు. ఆ అవసరం ఆ బుధవారమే వచ్చింది. ఆఫీసుకి బయలుదేరబోతుంటే ఎడమవైపు ముందు చక్రం దగ్గర అరచెయ్యంత ఎర్రటి తడి కనిపించింది.

వంగి చూశాడు. ఫోనులో వెతికాడు. ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ కొన్ని కార్లలో గులాబి రంగులో ఉంటుందట. తన కారులోదీ గులాబీయే. బానెట్ తెరిచే మీట కోసం కాసేపు తడుముకుని, ఎట్టకేలకు ఎత్తాడు. కూలెంట్ టాంకు మీద రెండు గీతలున్నాయి. నీళ్ళు సరిగ్గా ఆ రెంటి మధ్యే ఉన్నాయి.

"కింద కారింది, పైన తగ్గలేదు. ఇదెలా సాధ్యం?" అన్నాడు భార్య హైమతో.

"డీలర్‌కి ఫోన్ చెయ్యండి" అంది హైమ.

డీలర్ దగ్గర ఖాళీ పై వారంలో గాని లేదు. సాయంత్రం వచ్చేటప్పుడు రఘు ఒక కూలెంట్ డబ్బా కొనుక్కొచ్చి, ఎందుకైనా మంచిదని పై గీత దాటేదాకా పోశాడు. ఆ తర్వాత రాజారావు అంకుల్‌ని పిలిచాడు. రాజారావు కౌన్సిల్‌లో పార్కింగ్ విభాగంలో పనిచేస్తాడు. రోజూ కార్లనే చూస్తాడు కాబట్టి, కార్ల గురించి ఆయన మాటకి ఆ వీధి తెలుగువాళ్ళలో తిరుగులేదు.

"అసలు కూలెంట్ అయితే తియ్యటి వాసనొస్తుందోయ్" అంటూ ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మడుగు వాసన చూశాడు. "ఇదేంటి, పసుపు వాసనొస్తోంది?"

"మా కిచెన్ ఎగ్జాస్ట్ గాలి ఇటే వస్తుంది అంకుల్" అంది హైమ.

"అదీ సంగతి" అని ఆయన లేచాడు. "పొద్దున్నే చూద్దాం. ఇంజన్ కింద అట్టముక్క పెట్టు. బొట్టు ఎక్కడ పడితే లీకు అక్కడ."

గురువారం పొద్దున అట్ట మీద బొట్టు లేదు. పక్కన నేల మీద మడుగు మాత్రం పళ్ళెమంత అయింది. రాజారావు ఈసారి మరో ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చాడు. శుక్రవారం పొద్దునకి మడుగు రెండు పళ్ళేలంతయింది, కొంత అట్ట అంచు మీద కూడా చిమ్మినట్టు పడింది.

"చూశావా! ఇది కారడం కాదు, చిమ్మడం. లోపల ప్రెషర్ ఎక్కువై పిచికారీ కొడుతోంది" అన్నాడు రాజారావు.

"ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ప్రెషర్ ఎక్కడిదంకుల్?"

"కొత్త కార్లోయ్ ఇవి. ఆపినా లోపల ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది" అన్నాడాయన. సాఫ్ట్‌వేర్ రాసేవాడు కాబట్టి రఘు దాన్ని కాదనలేకపోయాడు. ఇంకాస్త కూలెంట్ పోశాడు.

శనివారం సంగతి వాట్సాప్ గ్రూపులో పడింది. మధ్యాహ్నానికి కారు చుట్టూ చిన్న సభ జరిగింది. ఒకరు టార్చి వేశారు, ఒకరు పైపులు నొక్కారు, మూతని తలా ఒకసారి తిప్పి చూశారు. సత్యమ్మ అందరికీ టీలు ఇచ్చి, కిటికీలోంచి చూస్తూ నిలబడింది.

"ఎంతమంది చూస్తున్నారే తల్లీ మన కారుని" అంది దిగులుగా.

"చూడనివ్వండి అత్తయ్యా. తలో చెయ్యీ వేస్తే తొందరగా తేలుతుంది" అంది హైమ. ఆ తర్వాత కూరలో వెయ్యబోతే డబ్బాలో పసుపు లేదు. మొన్ననే కదా పాకెట్ విప్పింది అనుకుంది గాని, ఇల్లంతా ఇంజన్ గోలలో ఉంటే పసుపు గోల ఎవరికి చెబుతుంది?

ఆదివారం తెల్లవారేసరికి ఎర్రమడుగు ఒక చక్రం నుంచి ఇంకో చక్రం దాకా పారింది.

"నా మాట విని ట్రైన్‌లో వెళ్దామండీ" అంది హైమ.

రఘు ఫోనులో రైళ్ళు చూశాడు. ఆదివారం కదా, పట్టాల మీద ఇంజనీరింగ్ పనులు. సగం దారి బస్సు, మధ్యలో మెట్లు, సత్యమ్మకి మోకాళ్ళ నొప్పులు. సాయంత్రానికి చేరతారన్న నమ్మకం లేదు. కారే గతి అయింది. రాజారావు వచ్చి ఆఖరిసారి మూత తీసి, తనకి 1998లో మాంచెస్టర్ దారిలో ఏమైందో చెబుతూ, మూత పెట్టి బానెట్ వేశాడు.

"నువ్వేం భయపడకు. నేను చూశాగా" అని భుజం తట్టాడు.

చాలా దూరం ప్రయాణం హాయిగానే సాగింది. మోటార్‌వే మీద సత్యమ్మే మొదట పసిగట్టింది.

"నాన్నా, ఇందాకటిదాకా వేడిగాలి కొట్టింది, ఇప్పుడు చల్లగా కొడుతోందేం?"

"ఏసీ నొక్కారేమో అత్తయ్యా."

రఘు ముఖం పాలిపోయింది. కూలెంట్ తగ్గితే హీటర్‌కి వేడి అందదని నాలుగు రోజులుగా చదివి చదివి కంఠతా వచ్చేసింది. చూస్తుండగానే ఎర్రదీపం వెలిగింది. దాని పక్కన "దయచేసి సురక్షితమైన చోట కారు ఆపండి" అని ఇంగ్లీషులో వచ్చింది. ఆ 'దయచేసి' ఉండాలా వద్దా అని రెండు మీటింగుల్లో పోట్లాడి గెలిచింది రఘువే. దేవుడి దయవల్ల దారిలో బళ్ళు ఆగే సర్వీసెస్ దగ్గర్లోనే ఉంది. ఆవిరి కక్కుతున్న కారుని నెమ్మదిగా అక్కడి పార్కింగ్‌లోకి చేర్చి, ఇంజన్ ఆపి, చెడిపోయిన కార్లని ఎక్కించుకుపోయే రికవరీ ట్రక్కుకి ఫోన్ చేశాడు.

ఇంజన్ బాగా చల్లారాక బానెట్ ఎత్తి చూస్తే టాంకు మూత వాలి ఉంది. బిగించలేదు, ఊరికే పెట్టి వదిలేశారు. పోసినదంతా పొంగి చుట్టూ చిమ్మింది. రఘు వేలితో తాకి చూశాడు. జిగటగా ఉంది, తియ్యటి వాసన. లేత గులాబి రంగు.

"ఇదీ కూలెంటంటే" అన్నాడు ఆశ్చర్యంగా. "మరి మన ఇంటి ముందు ఎర్రగా ఉన్నదేమిటి?"

అప్పుడు సత్యమ్మ చేతిసంచీలోంచి ఒక సీసా తీసింది. నోరు మెదపకుండా కారు ముందు నిలబడి మూడుసార్లు తిప్పి, సీసాలో ఉన్న ఎర్రటి నీళ్ళు ఎడమ చక్రం దగ్గర కుమ్మరించింది. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి తన సీట్లో కూర్చుంది.

అచ్చం అదే మడుగు. అదే రంగు. అదే చోట.

"అమ్మా... ఏమిటది?"

"దిష్టి నీళ్ళురా. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అవుతాయిగా. మంగళవారం మీ ఆఫీసువాళ్ళు వచ్చి కారు ఎంత బాగుందో అన్నారు, ఆ తెల్లవారే తీశాను. ఆ రోజు నుంచి చూసేవాళ్ళు పెరిగిపోయారు. జనం పెరిగితే నీళ్ళూ పెంచాలి కదా మరి?"

"ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పి తీస్తే అది దిష్టి తీసినట్టా? పైగా లోపలెక్కడో లీకుందని మీరంతా అంటుంటే నిజమే కాబోలనుకున్నా. అందుకే నిన్న చెంబుడు తీశాను."

హైమ నవ్వు ఆపుకోలేక కారు వెనక్కి వెళ్ళి నిలబడింది. రఘుకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. గడియారం చూసుకున్నాడు. పిన్ని ఎయిర్‌పోర్టుకి బయలుదేరే వేళ దగ్గరపడుతోంది.

ట్రక్కు రావడానికి చాలాసేపు పట్టింది. డ్రైవరు కారుని చూసి, ఈ ఇంజన్ మళ్ళీ తిప్పడానికి వీల్లేదన్నాడు. ఇంటికి చేర్చమంటారా, వెళ్ళాల్సిన చోటికి చేర్చమంటారా అని అడిగాడు. కోవెంట్రీ అందామని రఘు నోరు తెరిచాడు. ఇంగ్లీషు ముక్క రాని సత్యమ్మకి ఆ ప్రశ్న ఎలా అర్థమైందో గాని, డ్రైవరు చెయ్యి పట్టుకుని గట్టిగా "ఇల్ఫర్డ్!" అంది. అతను తలూపాడు.

ముగ్గురూ ట్రక్కు ముందు భాగంలో ఇరుక్కుని కూర్చున్నారు. అంత ఎత్తు నుంచి మోటార్‌వే చూడడం సత్యమ్మకి భలే నచ్చింది. ఇల్ఫర్డ్ వీధిలోకి తిరిగేసరికి అలివేలుమంగ పెట్టెలు అప్పటికే టాక్సీలోకి ఎక్కాయి. ట్రక్కు వెళ్ళి ఆ టాక్సీకి అడ్డంగా ఆగింది. కారు కిందికి దింపేదాకా అది కదలదు, అది కదిలేదాకా టాక్సీ కదలదు. అక్కచెల్లెళ్ళు నడిరోడ్డు మీద ఒకరినొకరు పట్టుకుని, అడగాల్సినవీ ఏడవాల్సినవీ అన్నీ తీరిగ్గా కానిచ్చారు. టాక్సీవాడు హారన్ కొట్టి కొట్టి విసుగెత్తి మానేశాడు.

కళ్ళు తుడుచుకుని అలివేలుమంగ ట్రక్కుని కింద నుంచి పైదాకా చూసింది. దాని మీదున్న కారునీ చూసింది.

"కొత్త కారు కొన్నాడన్నావు గాని అక్కా, దాన్ని మోసే బండి కూడా కొన్నాడని చెప్పలేదేం?"

— వేమూరి శేషమ్మ, డెబ్బై రెండేళ్ళు, ఇప్పుడు ఉండేది బర్మింగ్‌హామ్