ఒక్క పైడిరాజు

పేర్లుండే పెద్ద పెద్ద ఫైళ్ళను అక్షరక్రమంలో పేర్చే పాత కంప్యూటరు సార్ట్ కమాండు రిటైరై, శాలువా కప్పించుకుని వెళ్ళిపోవడంతో, జిల్లా రికార్డుల కార్యాలయం మరో కమాండు కోసం ఇంటర్వ్యూలు పెట్టింది. ఆ జిల్లాలో ఫైల్లో పేరు ఎక్కడుంటే మనిషీ అక్కడే ఉంటాడు. పేర్లు కలగాపులగమైపోయాక, ఇంటికని బయల్దేరినవాళ్ళు ఎవరెవరి ఇళ్ళలోనో తేలుతున్నారు. అందుకని సార్టింగు పూర్తయ్యేదాకా సిబ్బంది గేటు దాటరాదని ఉత్తర్వు వచ్చింది.

అటెండరు పైడిరాజు భార్య నూకాలు రోజూ క్యారేజీ తెచ్చి గేటు బయట కూర్చునేది. ఆమెకు కమాండులతో పని లేదు. మొగుడు ఇంటికొస్తే చాలు.

ఇంటర్వ్యూకి రెండు కమాండులు వచ్చాయి. మొదటిది నెమ్మదస్తురాలు.

"ఫైలంతా ఒకేసారి నా బుర్రకెక్కదండీ. ముక్కలు చేసి, దేనికది పేర్చి, వరండాలో పెట్టుకుని, చివర్న కలుపుతాను. ఒక్క పేరూ పోదు."

"వరండాలో మా స్కూటర్లుంటాయి కదమ్మా," అన్నాడు సూపరింటెండెంటు.

రెండోది మహా చురుకు. ఒకే పేరు మళ్ళీ కనబడితే ఏం చేస్తావని అడిగారు.

"ఒకటి ఉంచి మిగతావి తీసేస్తానండి. శుభ్రంగా ఉంటుంది."

అందరికీ నచ్చింది. శుభమా అని మన పేర్లతోనే మొదలుపెడదామన్నాడు సూపరింటెండెంటు. అమ్మవారి జాతర నెలలో పుట్టిన ప్రతి మగపిల్లాడికీ పైడిరాజని పేరు పెట్టడం ఆ ఊరి ఆనవాయితీ అన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తు రాలేదు. టీ చల్లారేలోగా పని పూర్తయింది. ముగ్గురు పైడిరాజుల్లో ఇద్దరి కుర్చీలు ఖాళీ అయ్యాయి. అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. ఉన్నవాళ్ళెవరికీ లేవు. నియామకం ఏకగ్రీవమైంది, గేటు తెరిచారు, అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి.

బయటికి వచ్చిన పైడిరాజు టైపిస్టు.

"మావోడు పొట్టిగుంటాడు బాబూ," అంది నూకాలు వాచ్‌మన్‌తో.

"ఇప్పుడున్నది ఈ ఒక్కడేనమ్మా. తీసుకెల్తావా, ఉంచీమంటావా?"

నూకాలుకు ఏడుపొచ్చింది. తన మనిషి నవ్వితే ముందు పన్ను వంకరగా కనబడుతుంది.

"ఓపాలి నవ్వు బాబూ," అంది.

అతను నవ్వాడు. పళ్ళన్నీ తిన్నగా ఉన్నాయి. ఆ సరికి వీధి మలుపులో మరో ఇద్దరు ఆడవాళ్ళు క్యారేజీలతో గబగబా వస్తున్నారు. నూకాలు చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నాక, ఇన్నాళ్ళకి గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

అతను తన పేరు చెప్పబోయాడు.

"తెలుసు. నడు, కూర సల్లారిపోతాది," అంది.