తాలుకాయల మీద చూపు

ఆ పొద్దున కలీం ఒకే పెట్రోలు ఖర్చుతో రెండు పనులు చక్కబెట్టాలనుకున్నాడు. నల్లపాడులో ఉన్న అతని కారం మిల్లు ఆ వారమే సొంత పేరుతో ప్యాకెట్లు మొదలుపెట్టాలి. దానికి మంచి కాయ కావాలి, ప్యాకెట్టు మీదికి బొమ్మ కావాలి. బొమ్మ వేయాల్సిన భార్య షమా చాలా రోజులుగా ట్యాబ్ ముందు కూర్చుని గీస్తోంది, చెరిపేస్తోంది.

"ఇంట్లో కూర్చుంటే ఏం తోచట్లేదండీ. కాయల్ని కళ్లారా చూడాలి," అంది.

"పద, మిర్చి యార్డుకి. చూసినందుకు డబ్బులేం అడగరు."

యార్డులో వెంకటరావమ్మ అనే రైతు తెచ్చిన సరుకు అతని కంట పడింది. నిగనిగలాడే ఎర్రకాయ ఒక పక్క, తెల్లమచ్చలు పడి చవగ్గా పోయే నాసిరకం కాయ, అంటే ఏరి పోసిన తాలు, ఇంకో పక్క. భార్య ఎర్రకాయ దగ్గర కూర్చుంటే నలుగురి చూపూ దాని మీద పడుతుంది, ధర పెరుగుతుంది. అందుకని ఆమెను తాలు దగ్గర కూర్చోబెట్టాడు.

షమాకు ఆ తాలే నచ్చింది. ఎరుపు మీద పాలు ఒలికినట్టున్న మచ్చలు. ఒక్కో కాయనూ ఎండకెత్తి చూసింది, ఫొటో తీసింది, ట్యాబ్‌లో గీసింది. పలకరిస్తే పలకలేదు. కాయను అంతసేపు చూసి కూడా నోరు విప్పలేదంటే కొనేవాళ్లేనని యార్డులో లెక్క.

అలీ సాహెబ్ అనే వ్యాపారి మెల్లగా కలీం పక్కకు చేరాడు. "ఏంటి కలీం, మీ ఆవిడ తాలుకి ఫొటోలు తీస్తోంది? ఎక్స్‌పోర్ట్ ఆర్డరా?"

నిజం చెబితే కలీంకు పోయేదేమీ లేదు. చెప్పకపోతే వీళ్లంతా తాలు మీద పడతారు, మంచి కాయ తనకు మిగులుతుంది. "ఇవన్నీ ఇక్కడ మాట్లాడేవా భాయ్?" అన్నాడు గొంతు తగ్గించి.

అలీ సాహెబ్ వెళ్లి తాలుకు ధర చెప్పాడు. ఆయన చెప్పాడని ఇంకొకడు పెంచాడు. ఎందుకు పెంచుతున్నారో తెలియకుండానే మూడోవాడు దిగాడు. షమా చుట్టూ జనం మూగారు. "కాస్త వెలుతురు రానివ్వండి," అని ఆమె కసిరితే, "చూశావా, దగ్గరికే రానివ్వట్లేదు!" అంటూ మరో నలుగురు వచ్చారు.

తాలు చివరికి అలీ సాహెబ్‌కే దక్కింది. కలీం లోలోపల నవ్వుకుంటూ వెంకటరావమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె బస్తాల మూతులు కుట్టిస్తోంది.

"పెద్దమ్మా, ఇక ఆ ఎర్రకాయ నాకిచ్చెయ్."

"అమ్మనయ్యా."

"అదేంటి, తెచ్చింది అమ్మడానికేగా?"

"తాలే ఇంత పలికితే ఎర్రకాయ ధర ఎక్కడికి పోద్దో! ఇప్పుడమ్మడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? కోల్డ్ స్టోరేజీలో పెడతా."

"అదంతా ఉత్తిదే పెద్దమ్మా! మా ఆవిడ బొమ్మ వేసుకుంటోందంతే."

"తాలుకాయకి బొమ్మేంటయ్యా? అబద్ధమైనా నమ్మేట్టు చెప్పు."

ఆమెను చూసి పక్క రైతులు కూడా అమ్మకం మానేసి బస్తాలు కుట్టించసాగారు.

షమా మెరిసే కళ్లతో వచ్చి ట్యాబ్ చూపించింది. బొమ్మ నిజంగానే బ్రహ్మాండంగా ఉంది.

"ఇక మన ప్యాకెట్టుకి ఏం తక్కువండీ?" అంది.

"కారం," అన్నాడు కలీం.