ఐదేళ్లకోసారి వెలిగే క్వాజార్

"మా ప్రభుత్వ కృషి ఈ భూమికే పరిమితం కాదు. కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్న ఒక క్వాజార్ సైతం మా హయాంలో సరిగ్గా ఐదేళ్లకోసారి వెలుగుతోంది. మళ్లీ ఈ నెలలోనే వెలగబోతోంది" అని సైన్సు మంత్రిగారు వేధశాల హాల్లో ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ఇరవై ఏళ్ల ఆకాశ సర్వేను జల్లెడ పట్టి ఆ సంగతి కనిపెట్టిన డేటా మేడమ్ గోడవారన నిలబడి ఉంది. కుర్చీలు చాలలేదు.

ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. నెలాఖరుకు గడువు తీరుతుంది. ఏదైనా కనిపెడితే పొడిగిస్తారు, లేదంటే ఇంటికే. దూరపు గెలాక్సీల నడిబొడ్డున మెరిసే లక్ష క్వాజార్ల వెలుగులో హెచ్చుతగ్గులు చూసిచూసి కళ్లు పీక్కుపోయాక ఒక్కటి దొరికింది. దాని వెలుగు గడియారం పెట్టుకున్నట్టు నాలుగుసార్లు పెరిగింది, నాలుగుసార్లు తగ్గింది. ఆ రోజు ఆమెకు కాళ్లు నేలమీద నిలవలేదు.

మంత్రిగారు స్వతహాగా జిజ్ఞాసువు. వేదిక దిగొచ్చి ఆమెనే అడిగారు.

"ఎందుకలా వెలుగుతుందమ్మా?"

"అక్కడ రెండు బ్లాక్‌హోల్స్ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఉండొచ్చు సార్."

"సంకీర్ణమా?"

"అలాంటిదే సార్."

"ఏం చేస్తుంటాయి?"

"అందినదల్లా మింగుతాయి సార్."

"మరి వెలుగెక్కడిది?"

"మింగేటప్పుడే వస్తుంది సార్."

మంత్రిగారు తల పంకించారు. ఇంత కష్టమైన సైన్సు ఆయనకు ఇట్టే బోధపడటం చూసి డైరెక్టర్‌గారి కళ్లు చెమర్చాయి. తర్వాత మంత్రిగారు టెలిస్కోపు దగ్గరికెళ్లి, చుక్కల వెలుగును పోగుచేసే దాని పెద్ద అద్దంలో చూసుకుని క్రాపు సవరించుకున్నారు.

ఆయన కార్లు వెళ్లిపోయాక, అద్దం కడిగే బాబాయ్ బకెట్ సర్దుతూ మురిసిపోయాడు.

"వచ్చినప్పుడల్లా ఇందులో ముఖం చూసుకుంటారమ్మా. అందుకే ఆయనొస్తున్నారంటే ముందు వారమే కడిగేస్తా."

"మిగతా రోజుల్లో కడగవా బాబాయ్?"

"ఆర్డరుండొద్దూ? ఎన్నికల ముందు ఆయనొస్తారు, ఆర్డరొస్తుంది. ఇదివరకు నాలుగుసార్లు కడిగా. ఇది ఐదోది."

డేటా మేడమ్ ఆ ఏళ్లను వేళ్లమీద లెక్కపెట్టుకుంది. క్వాజార్‌ను పక్క నక్షత్రాలతో పోల్చి చూడాలన్నది నియమం. ఆ పని చేసే పోస్టు ఖాళీగా ఉండటంతో నియమాన్నీ ఖాళీగా ఉంచారు. ఆమె పరుగున వెళ్లి పక్క నక్షత్రాలన్నీ తీసి చూసింది. అన్నీ అవే వారాల్లో వెలిగాయి. తర్వాత దుమ్ము పట్టేకొద్దీ అన్నీ ఒక్కలాగే మసకబారాయి.

నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. రెండు రోజులు ఆమె ఆలోచించింది. మూడో రోజు ఒక కాగితం రాసి డైరెక్టర్‌గారి ముందు పెట్టింది.

"సార్, వెలుగుతున్నది క్వాజార్ కాదు. బాబాయ్ కడిగిన అద్దం."

"పక్కింటి నక్షత్రాల గొడవ మనకెందుకమ్మా?" అన్నారాయన. అయినా ఏ కాగితాన్నీ తన దగ్గర ఉంచుకోవడం ఆయనకు అలవాటు లేదు. పైకి పంపేశారు.

ప్రభుత్వం సత్యాన్ని ఎంత గౌరవిస్తుందో నెలాఖరున తెలిసింది. రెండు ఉత్తర్వులొచ్చాయి. మొదటిది: శాస్త్రానికి భంగం కలగకుండా ఇకమీదట ఐదేళ్లకోసారి తప్ప అద్దానికి గుడ్డ తగలరాదు. రెండోది: వెలుగుకు కారకుడెవరో లిఖితపూర్వకంగా రుజువైనందున, ఆ నెలలోనే రిటైరు కావలసిన బాబాయ్‌ను మరో ఐదేళ్లపాటు 'ముఖ్య క్వాజార్ నిపుణుడు'గా నియమించడమైనది.

మూడో ఉత్తర్వు కోసం ఆమె సాయంత్రం ఐదు దాకా చూసింది. తర్వాత సొరుగు ఖాళీ చేసి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. బాబాయ్ కొత్త కోటు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సిగ్గుతో అతని తల పైకి లేవలేదు.

"నన్ను తిట్టుకోకమ్మా. వెళ్లేముందు ఒక్క ముక్క చెప్పిపో. రేపు టీవీవాళ్లొస్తున్నారంట. క్వాజార్ అంటే ఏంటి?"