థీసిస్ చదవని గైడు చల్లగా ఉండాలి

మీ పిల్లలకు బయాలజీ ట్యూషన్ చెప్పించాలనుకుంటున్నారా? అయితే ముందు ఒక్క విషయం కనుక్కోండి. ట్యూషన్ చెప్పే మనిషి థీసిస్‌ను వాళ్ల గైడు చదివాడా, లేదా? చదివేసి ఉంటే ఆ మనిషి మీకు పనికిరాదు!

ఉత్తినే అనడం లేదు, అనుభవంతో చెబుతున్నాను. నేను ఆరేళ్లుగా రీసెర్చ్ స్టూడెంట్‌ని. ఉల్లిపాయ వేళ్ల కొసలు కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఎన్ని కణాలు విభజన చెందుతున్నాయో లెక్కపెట్టడం నా పని. ఇప్పటికి లక్షా పన్నెండు వేలు చూశాను. మా అమ్మ మాత్రం చుట్టాలకు "ఉల్లిపాయల మీద ఏదో చేస్తోందిలే" అని చెప్పి మాట మార్చేస్తుంది.

ఆ లెక్కలన్నీ మూడో చాప్టర్‌గా రాసి, పద్నాలుగు నెలల కిందట మా గైడు బల్ల మీద పెట్టాను. ఆయన సంతకం పెడితే థీసిస్ సమర్పించి బయటపడతాను. ఆయన దాన్ని ఎంతో గౌరవంగా టీ కప్పు కింద పెట్టుకున్నారు. అప్పటి నుంచి అక్కడే ఉంది.

ఇలాంటి గైడ్లను జనం ఊరికే ఆడిపోసుకుంటారు. వాళ్లు చేసే మేలు ఎవరికి అర్థమవుతుంది? ఆయన వెంటనే చదివేసి ఉంటే నేనెప్పుడో డాక్టరేట్ పుచ్చుకుని ఏ ఏసీ గదిలోనో కూర్చునేదాన్ని. అప్పుడు పక్కవీధి పదో తరగతి అమ్మాయికి బయాలజీ ఎవరు చెప్పేవారు?

నా బోధనా పద్ధతంతా ఆయన పెట్టిన భిక్షే! ఆయన దగ్గర నెలలు పట్టే పనిని నేను ఆ రోజే చేస్తాను. నోట్‌బుక్ ఆ పూటే దిద్దుతాను. ప్రశ్న అడిగితే గడియారం చూడను. తెలియకపోతే తెలియదని ఒప్పుకుని, ఇద్దరం కలిసి వెతుకుతాం. గుండె పాఠానికి ముందు పుస్తకం తెరవనివ్వను. నాడి పట్టుకుని లెక్కపెట్టించి, మెట్లెక్కించి, మళ్లీ లెక్కపెట్టిస్తాను. ఆ అమ్మాయి వాళ్ల నాన్న కూడా మా వెంట ఎక్కడం మొదలుపెట్టి రెండు కిలోలు తగ్గారు.

అన్నిటికన్నా గట్టి రూలు ఇంకొకటుంది. తప్పు కనబడితే, అది ఎవరిదైనా సరే, అప్పుడే చెప్పెయ్యాలి.

ఆ రూలే నా కొంప ముంచింది. మొన్న పట్టికను గ్రాఫుగా గీయడం నేర్పుతూ, చూడమని ఆ అమ్మాయికి నా చాప్టర్ కాపీ ఇచ్చాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

"అక్కా, ముప్పై ఒకటో పేజీలో పట్టికలో ఎనభై ఏడు అని రాసి, గ్రాఫులో డెబ్భై ఎనిమిది గీశారేంటి? మీ సారు చూళ్లేదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. పద్నాలుగు నెలల్లో నా చాప్టర్ చదివిన మొదటి మనిషి ఆ పిల్ల! ఎర్ర పెన్నుతో సున్నా కూడా చుట్టింది.

మర్నాడు దిద్దిన పేజీ పట్టుకుని పరుగెత్తాను. సారు గుమ్మంలోనే నవ్వుతూ ఎదురై, పాత చాప్టర్ నా చేతిలో పెట్టారు. మీద టీ మరక, కింద సంతకం!

"మొత్తం చదివానమ్మా. ఒక్క తప్పు కూడా లేదు."

నోరు మూసుకుని ఇంటికొచ్చేస్తే సరిపోయేది. ఆరేళ్ల చదువు అక్కడితో గట్టెక్కేది. కానీ సాయంత్రం ట్యూషన్‌లో ఆ పిల్ల మొహం చూడాలి కదా! ముప్పై ఒకటో పేజీ తీసి చూపించాను.

సారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. తన సంతకం మీద అడ్డంగా గీత గీశారు.

"అయితే మొత్తం మళ్లీ చదవాలమ్మా" అంటూ చాప్టర్‌ను కప్పు కిందకు చేర్చారు.

కాబట్టి తల్లిదండ్రులారా, మీరు నిశ్చింతగా ఉండండి. మీ పిల్లలు ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్నా ఫర్వాలేదు. వాళ్లు పదికి వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను.