పైకెక్కిన గీత

ఆ ఉదయం శాతంగారు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, నెలల తరబడి తయారుచేసిన నివేదికను డైరెక్టరుగారి బల్లమీద పెట్టి రావాలి. నగర బస్సుల సంస్థలో ఆయన పని లెక్కలు కట్టడం. టిక్కెట్ల అమ్మకాన్ని చూసి ఏ రూటు ఉంచాలో, ఏది ఎత్తెయ్యాలో కంప్యూటరే చెప్పేలా ఒక నమూనా కట్టారు. కూరలో ఉప్పు తగ్గినా పది శాతం తగ్గిందనే మనిషి కావడంతో అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు.

ఎందుకైనా మంచిదని చివరిసారి లాప్‌టాప్ తెరిచి చూస్తే, ఎత్తెయ్యవలసిన రూట్లలో అన్నిటికంటే ముందు తొమ్మిదో నంబరు కనబడింది. ఆయన్ని పెంచి పెద్దచేసిన పెద్దమ్మ రోజూ ఎక్కే బస్సు అది. నది దాటాక, దారి మధ్యలో ఒక స్టాపు దగ్గర ఆవిడ చెల్లెలు, అంటే శాతంగారి పిన్ని, ఉంటుంది. కాలు విరిగినప్పటినుంచి పిన్ని గడప దాటలేదు. పెద్దమ్మే రోజూ వెళ్ళి ఆవిడతో పోట్లాడి వస్తుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ దువ్వెన విరగ్గొట్టింది ఇద్దరిలో ఎవరన్నది ఇంకా తేలలేదు. పోట్లాట లేని రోజున ఇద్దరికీ తిన్నది అరగదు.

"అత్తయ్య వెళ్ళే బస్సని మీ డైరెక్టరుగారికి చెప్పొచ్చు కదండీ," అంది భార్య.

"ఒక్క మనిషి మాట లెక్కలోకి రాదు. డేటా మాట్లాడాలి," అన్నారు శాతంగారు.

అన్నారే గాని మనసొప్పలేదు. తాజా వివరాలు చేర్చాలని చెప్పి ఆఫీసులో ఒక నెల గడువు తీసుకున్నారు. భార్యకు ఆయన మాట నచ్చలేదు గాని అర్థమైంది. టిక్కెట్లు తెగితే బస్సు బతుకుతుందని పెద్దమ్మ చెవిన వేసింది.

పెద్దమ్మ చెవిన పడ్డ మాట వీధంతా పాకడానికి ఎంతో సేపు పట్టదు. కుట్టుపని చేసుకునే ఆవిడ, రిటైరయిన డ్రాయింగు మేష్టారు, ఆయన్ని చూస్తేనే గిట్టని ఎదురింటాయన, అందరూ పనున్నా లేకపోయినా తొమ్మిదో నంబరు ఎక్కారు. దగ్గరి టిక్కెట్టుకు విలువుండదేమోనని పెద్దమ్మకు అనుమానం వచ్చింది. దాంతో ఎవరు ఎక్కడ ఎక్కినా, ఎక్కడ దిగినా, టిక్కెట్టు మాత్రం మొదటి స్టాపునుంచి చివరి స్టాపుదాకా అడిగి తీసుకున్నారు. ఇదేం చోద్యమని కండక్టరు అడిగితే, నీకు పోయేదేముంది బాబూ, ఇచ్చెయ్యి అంది పెద్దమ్మ.

నెల తిరిగేసరికి నమూనా గీసే గ్రాఫులో తొమ్మిదో నంబరు గీత నిచ్చెన వేసినట్టు పైకెక్కింది. సంగతి తెలిసిన శాతంగారు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు. డైరెక్టరుగారు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. గీత ఇలాగే సాగితే వచ్చే ఏడాదికి ఎంతమంది ఎక్కుతారని అడిగారు. చంటిపిల్లలతో సహా ఊరి జనాభాను మించిన అంకె వచ్చింది. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వస్తారన్నమాట అని ఆయన సంబరపడ్డారు.

తర్వాత టిక్కెట్ల వివరాలు తిరగేసి, మధ్య స్టాపుల్లో ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ దాదాపు లేనే లేరని కనిపెట్టారు. మరి దారిపొడుగునా ఆగడం దేనికి? మధ్య స్టాపులన్నీ తీసేసి, కొత్త బస్సు కొని, ఎక్స్‌ప్రెస్ చేసెయ్యమన్నారు.

నిజం శాతంగారి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆ నెల లెక్కంతా కొట్టేసి బస్సునే ఎత్తేస్తారు. ముందు బస్సంటూ మిగిలితే స్టాపుల సంగతి తర్వాత చూసుకోవచ్చని సంతకం పెట్టేశారు. ఆ పూట నోరు విప్పాల్సిందని తర్వాత ఆయన అనుకోని రోజు లేదు.

ఎక్స్‌ప్రెస్ మొదటిసారి బయలుదేరిన రోజు డైరెక్టరుగారు ఆయన్ని పక్కసీట్లో కూర్చోబెట్టుకున్నారు. బస్సు తమ వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి, పెద్దమ్మ ఎప్పటిలాగే సంచి భుజాన వేసుకుని చెయ్యెత్తి నిలబడి ఉంది. శాతంగారు సగం లేచి, ఆపమని డ్రైవరును బతిమాలారు.

"ఆగితే ఎక్స్‌ప్రెస్ ఎలా అవుతుందయ్యా, కూర్చో," అన్నారు డైరెక్టరుగారు.

కిటికీలో ఆయన్ని చూసి పెద్దమ్మ నవ్వింది. బస్సు దాటిపోయాక కూడా ఎత్తిన చెయ్యి దించలేదు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది," అంది భార్య ఆ సాయంత్రం. పెద్దమ్మ మాత్రం బస్సు చాలా బాగుందని, అద్దాలు తళతళలాడుతున్నాయని మెచ్చుకుంది. ఆవిడ తిట్టి ఉంటే ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టేది.

మర్నాడు డైరెక్టరుగారికి జరిగినదంతా చెప్పేశారు. ఆయన ఓపిగ్గా విన్నారు.

"నీ ఒక్కడి మాట లెక్కలోకి రాదయ్యా. డేటా ఉందా?"

డేటా ఎక్కణ్ణుంచి వస్తుంది? లేని స్టాపుకు టిక్కెట్టు ఎవరూ కొనలేరు.

మొదటి స్టాపుదాకా నడవడం పెద్దమ్మ వల్ల కాదు, నడిచినా ఆ బస్సు పిన్ని ఇంటి దగ్గర ఆగదు. మిగతా రోజుల్లో భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు. అందుకని ఆదివారాలు మాత్రం శాతంగారే ఆవిడను స్కూటరు మీద పిన్ని ఇంటికి తీసుకువెళుతున్నారు. మొదటి ఆదివారం పోట్లాట ఎప్పుడు మొదలవుతుందా అని ఆయన గుమ్మంలో కూర్చుని ఎదురుచూశారు. అక్కచెల్లెళ్ళు వారం తర్వాత చూసుకున్నారేమో, చుట్టాల్లా కుశలప్రశ్నలు వేసుకున్నారు. నీకు మంచినీళ్ళు కావాలా అని ఒకరంటే, నీకు కావాలా అని ఇంకొకరు అడిగారు.

కాసేపటికి పిన్ని అంది. "ఆ దువ్వెన నేనే విరగ్గొట్టానేమోలే అక్కా."

"కాదులేవే. నేనే అయ్యుంటాను," అంది పెద్దమ్మ.

శాతంగారికి ఏడుపొచ్చింది. స్కూటరు చూసుకునే మిషతో బయటికి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

సోమవారం ఆఫీసుకు వెళ్ళి తొమ్మిదో నంబరు మీద ఆ నెల నివేదిక రాశారు. మధ్య స్టాపుల ప్రయాణికులనుంచి ఫిర్యాదులు: సున్నా శాతం.